కబురు అందినవాళ్లు

2023 అక్టోబరులో ఒక గురువారం పొద్దున పదిన్నరకు హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ పిలుపు వచ్చింది. పావుగంట మీటింగ్. పిలిచినవాళ్లలో మా మేనేజర్ పేరు లేదు. నా పేరు, హెచ్‌ఆర్‌లో ఇద్దరి పేర్లు ఉన్నాయి, అంతే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదమూడేళ్లుగా ఉన్నదాన్ని, అది దేని గురించో లోపలికి వెళ్లకముందే అర్థమైపోయింది. సాయంత్రం లాప్‌టాప్, ఐడీ కార్డు అప్పజెప్పి మాదాపూర్ రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాను. ఆ టైముకి రోజూ ఉండే ట్రాఫిక్కే, రోజూ ఎక్కే ఆటోలే. ఎటు వెళ్లాలో తోచలేదు.

నాన్న రోజూ రాత్రి ఎనిమిదింటికి కొత్తగూడెం నుంచి ఫోన్ చేస్తారు. "ఆఫీసు అయిపోయిందామ్మా?" అన్నది ఆయన మొదటి మాట. ఆ రోజు కూడా అడిగారు. "అయిపోయింది నాన్నా" అన్నాను. ఆ తర్వాత ఏడు వారాల పాటు రోజూ అదే జవాబు చెప్పాను.

ఉద్యోగం పోయినప్పుడు పరిచయాలు ఎలా పెంచుకోవాలో చెప్పే సలహాలు చాలా చదివాను. లింక్డ్‌ఇన్‌లో పెద్ద పొజిషన్లలో ఉన్నవాళ్లకు రిక్వెస్టులు పెట్టమంటారు, మీటప్‌లకు వెళ్లమంటారు, రోజూ ఏదో ఒకటి పోస్టు చేయమంటారు. అవన్నీ నేనూ చేశాను. ఉద్యోగాలు విరివిగా ఉన్న రోజుల్లో వాటికి ఎంత విలువ ఉందో గాని, మార్కెట్ పడిపోయినప్పుడు వాటివల్ల ఒరిగేది తక్కువేనని ఇప్పుడు నమ్ముతున్నాను. అలాంటప్పుడు మనకు కావలసింది కొత్త మనుషులు కాదు. మన పనిని ఒకప్పుడు దగ్గర నుంచి చూసి, తర్వాత మనకు దూరమైపోయినవాళ్లు. వాళ్ల దగ్గరికి వెళ్లకుండా మనల్ని ఆపేది మొహమాటం. నా అనుభవంలో ఆ మొహమాటం ఖరీదు దాదాపు రెండు నెలల జీతం.

ముందు ఆ ఏడాది ఎలా ఉండేదో చెప్పాలి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. ఇన్ఫోసిస్‌లో 25,994 తగ్గింది, విప్రోలో 24,516. మూడూ కలిపితే 63,759. వీళ్లందరినీ తీసేశారని కాదు. చాలామంది వాళ్లంతట వాళ్లే మానేశారు, ఆ ఖాళీల్లో కొత్తవాళ్లను తీసుకోలేదు. కానీ రోడ్డు మీద ఉన్నవాళ్లకు రెండూ ఒకటే. ఏటా లక్షల మంది చేరే తలుపు దగ్గర తోపులాట మొదలైంది. ఆ ఏడాదే నేను వెతుకులాటలో పడ్డాను.

నాకిది కొత్త కాదు. నేను ఇంజనీరింగ్ పూర్తి చేసింది 2008లో. క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది, చేరే తేదీ వాయిదా పడింది, మళ్లీ పడింది. సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది, 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. ఆ తర్వాత ఆ ఆఫర్ ఊసే ఎవరూ ఎత్తలేదు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర హాస్టల్లో ఉంటూ టెస్టింగ్ కోర్సు చేశాను. 2010లో మొదటి ఉద్యోగం ఎలా వచ్చిందంటే, హాస్టల్లో పక్క గదిలో ఉండి ఖాళీ చేసి వెళ్లిపోయిన అమ్మాయి ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి "మా దగ్గర టెస్టర్లను తీసుకుంటున్నారు, రేపే వాకిన్" అని చెప్పింది. ఆమె నాకు దగ్గరి స్నేహితురాలేమీ కాదు. కోర్సులో నేను రాసుకున్న నోట్సు తీసుకుని జిరాక్స్ చేయించుకుంది, అంతవరకే పరిచయం. అప్పుడు దాన్ని అదృష్టం అనుకుని ఊరుకున్నాను. పదమూడేళ్ల తర్వాత గాని అందులో ఉన్న సంగతి బుర్రకెక్కలేదు.

2023లో నాతోపాటు తీసేసినవాళ్లం పద్నాలుగు మందిమి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మంచి మనుషులు, ఒకరి కోసం ఒకరు నిజంగా తపించేవాళ్లు. ఎవరికి ఏ లింకు దొరికినా గ్రూపులో పెట్టేవాళ్లు. వారం తిరిగేసరికి తెలిసిందేమంటే, అందరి దగ్గరా ఉన్నవి అవే నాలుగు లింకులు. పద్నాలుగు మందిమీ ఒకే చోట పనిచేశాం, ఒకే కన్సల్టెన్సీల నుంచి మెయిళ్లు వస్తాయి, ఒకే కంపెనీల్లో స్నేహితులున్నారు. మా మధ్య ప్రేమకు లోటు లేదు, కొత్త కబురు మాత్రం లేదు.

దీన్ని మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాసి పెట్టారు. ఉద్యోగాలు మారినవాళ్లను కలిసి, మీకు కొత్త ఉద్యోగం కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో తరచూ కలిసేవాళ్ల నుంచి కబురు అందినది నూటికి సుమారు 17 మందికి. అప్పుడప్పుడు కలిసేవాళ్ల నుంచి 56 మందికి. ఏడాదికి ఒకసారి కూడా సరిగా కలవనివాళ్ల నుంచి 28 మందికి. ఆయన లెక్క తీసిన గుంపు చిన్నదే, 54 మంది. కానీ 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద ఐదేళ్ల పాటు జరిగింది. అందులో తేలినదీ ఇంచుమించు ఇదే, ఒక చిన్న సవరణతో. మరీ దగ్గరివాళ్లూ కాదు, బొత్తిగా తెలియనివాళ్లూ కాదు, మధ్యలో ఉండేవాళ్ల వల్లే ఎక్కువ మేలు జరుగుతుంది. మన మాటల్లో చెప్పాలంటే ముఖం గుర్తుండి, ఫోన్ నంబరు వెతుక్కోవలసి వచ్చే మనుషులు.

మార్కెట్ బాగా లేనప్పుడు వీళ్ల విలువ ఇంకా పెరుగుతుంది. కారణం ఆఫీసు లోపల పని జరిగే తీరులో ఉంది. బడ్జెట్ బిగించినప్పుడు కంపెనీ కొత్త పోస్టులు ఆపేస్తుంది. కానీ మనుషులు మానేయడం ఆగదు. ఒకరు మెటర్నిటీ లీవులో వెళతారు, ఒకరు కెనడా వెళతారు. ఆ ఒక్క సీటు నింపుకోవడానికి మేనేజర్ పైవాళ్ల అనుమతి అడుగుతాడు. అది రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ సీటు ఖాళీ కాబోతోందని అన్ని రోజులూ తెలిసేది ఆ టీములో ఉన్న పదిమందికే. అనుమతి రాగానే మేనేజర్ చేసే మొదటి పని నౌక్రీ లాంటి ఉద్యోగాల సైటులో ప్రకటన ఇవ్వడం కాదు. ఇస్తే ఒక్క రోజులో వందల రెజ్యూమెలు వచ్చి పడతాయని, వాటిలో కొన్ని అబద్ధపు అనుభవంతో ఉంటాయని అతనికి తెలుసు. టీము వైపు తిరిగి "మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పడినప్పుడు ఆ పదిమందిలో ఒక్కరికైనా మనం గుర్తుకు రావాలి. పనిలో లేమని వాళ్లకు తెలిస్తేనే గుర్తుకొస్తాం.

నేను పనిలో లేనని ఎవరికీ తెలియదు. నాన్నకే తెలియదు, ఇక మిగతావాళ్ల సంగతి ఏం చెప్పను.

డిసెంబరులో డాలస్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. అన్నయ్యకు ఆ ఏడాది జనవరిలోనే ఉద్యోగం పోయింది, ఈలోగా ఇంకోటి దొరికింది కూడా. ఇదంతా నాకు ఆ రోజే తెలిసింది. అక్కడ హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు పని పోతే 60 రోజులు గడువు. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా మార్చుకోవాలి, అదీ కాకపోతే దేశం వదలాలి. పిల్లలు బడిలో, ఇల్లు లోన్‌లో. "మొదటి రోజే కూర్చుని నలభై మందికి రాశాను. సిగ్గుపడటానికి నా దగ్గర రోజులు లేవమ్మా" అన్నాడు. ఆ నలభై మందిలో ఎనిమిదేళ్ల కిందట ఒకే క్లయింటు దగ్గర మూడు నెలలు కలిసి పనిచేసిన తమిళ ఆర్కిటెక్టు ఒకాయన ఉన్నాడట. ఉద్యోగం ఆయన వల్లే వచ్చింది, యాభై రెండో రోజున.

నాకు గడువు పెట్టినవాళ్లు లేరు. అందుకే ఏడు వారాలు ఊరికే పోయాయి.

ఆ రాత్రి నాన్నకు చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తిన్నావా?" అన్నారు. తిన్నానన్నాను. పాతవాళ్లకు ఫోన్లు చేసి అడుగుదామనుకుంటున్నానని చెబితే మాత్రం ఆయనకు నచ్చలేదు. నాన్న సింగరేణిలో ముప్పై మూడేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఒకళ్ల ముందు చేయి చాచకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. "సిఫార్సుల మీద వచ్చే ఉద్యోగం నిలవదమ్మా" అన్నారు.

"మరి నీకెలా వచ్చింది నాన్నా?" అని అడిగాను. నిజంగా నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

ఆయన ఐటీఐ చేసి ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక సైకిల్ షాపులో కూర్చునేవారట. షాపాయన ఊరికే కూర్చోనివ్వకుండా పంక్చర్లు వేయించేవాడు, చక్రాలు తిప్పి వంకర తీయించేవాడు. నాన్న ఆ షాపు మానేసి ఏడాది దాటాక, ఒక రోజు ఆ షాపాయన బజారులో ఎదురై "ఒరేయ్, వర్క్‌షాపులో అప్రెంటిస్‌లను తీసుకుంటున్నారట, ఇవాళే ఆఖరు, సర్టిఫికెట్లు పట్టుకుని పో" అన్నాడట. వర్క్‌షాపులో పనిచేసే ఎవరో సైకిల్ బాగు చేయించుకుంటూ ఆయనకు చెప్పారు. నాన్న పరిగెత్తారు. ట్రేడ్ టెస్టు పెట్టారు, పాసయ్యారు.

"అది సిఫార్సు కాదు. కబురు. టెస్టు నేనే రాశాను" అన్నారు నాన్న.

ఆ రాత్రి చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించాను. నాకు కావలసిందీ కబురే. టెస్టు నేనే రాస్తాను. ఇద్దరం ఒకే సంగతి చెప్పుకుంటున్నాం, పేరు దగ్గరే తేడా వచ్చింది. మన దగ్గర సిఫార్సు, పైరవీ, రిఫరల్, పరిచయం అన్నీ కలిసిపోయి ఒకే చెడ్డ వాసన కొడతాయి కాబట్టి, నిజాయితీగా బతికినవాళ్లు నలుగురికి నోరు తెరిచి చెప్పుకోవడాన్నే తప్పుగా చూస్తారు.

ఆ చెడ్డ వాసన ఊహ కాదు, నిజంగానే ఉంది. 2024 జనవరిలో ఒకాయన ఫోన్ చేసి, మూడు లక్షలిస్తే ఒక పెద్ద కంపెనీలో బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తానన్నాడు, సగం ముందు, సగం ఆఫర్ లెటర్ వచ్చాక. ఫోన్ పెట్టేశాను. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ కుర్రాడు ఇలాంటి వాడికే లక్షన్నర కట్టాడు. వాళ్ల నాన్న అప్పు తెచ్చిన డబ్బు. చేరాల్సిన రోజున ఆ అడ్రసుకు వెళితే తాళం. ఆ కుర్రాడు వారం రోజులు గది దాటి బయటికి రాలేదు. వాడికి ఏ కంపెనీలోనైనా మనస్ఫూర్తిగా మాట్లాడే ఒక్క మనిషి తెలిసి ఉంటే, ఒక్క ఫోనులో ఆ మోసం బయటపడేది. కంపెనీ డబ్బులు తీసుకోదని, ఆ మెయిల్ ఐడీ వాళ్లది కాదని, అసలు ఆ టీముకే ఖాళీలు లేవని చెప్పేవారు. పరిచయాలు లేకపోవడం వల్ల జరిగే నష్టంలో ఈ భాగం గురించి ఎవరూ మాట్లాడరు. కబురు అందని చోటికే దొంగ కబురు ముందు వెళుతుంది.

ఇంకో రకం ఉంది. కులం గ్రూపులు, జిల్లా గ్రూపులు. మా బంధువు ఒకాయన నా రెజ్యూమె అడిగి "మనవాళ్లు ఫలానా చోట డైరెక్టర్‌గా ఉన్నారు, ఒక్క మాట చెబితే అయిపోతుంది" అన్నారు. ఆ డైరెక్టర్ నన్ను ఎప్పుడూ చూడలేదు, నా పని గురించి ఆయనకు ఒక్క ముక్క తెలియదు. నేను పంపలేదు. అవసరంలో ఉన్నదాన్ని, పంపి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదేమో. కానీ ఆ రోజు నాకు గీత ఎక్కడుందో స్పష్టంగా కనిపించింది. నా పని చూసిన మనిషి నా గురించి చెబితే అది సాక్ష్యం. చూడని మనిషి చెబితే పైరవీ. రెండోదాని వల్ల నాకు దక్కిన సీటు, ఆ గ్రూపులో లేని ఇంకొకరి నుంచి లాక్కున్నదే అవుతుంది.

అందుకే నేను వేసుకున్న జాబితాలో పేరు చేరడానికి ఒకటే షరతు: ఆ మనిషి నాతో కనీసం ఒక రిలీజ్ చేసి ఉండాలి, అంటే ఒక సాఫ్ట్‌వేర్ వెర్షన్ బయటికి వెళ్లేదాకా కలిసి పనిచేసి ఉండాలి. మొత్తం ముప్పై ఒక్క పేర్లు తేలాయి. వాళ్లలో ఇరవై మందితో మూడేళ్లకు పైగా మాటల్లేవు. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న" అంటారే, ఇన్నేళ్లూ పలకరించకుండా ఇప్పుడు అవసరానికి వచ్చిందని అనుకుంటారన్న భయమే అన్నిటికన్నా ఎక్కువగా ఆపింది. ఇరవై మందిలో ఒక్కరు కూడా అలా అనలేదు. ఏడుగురు జవాబివ్వలేదు, అంతే.

మొదట్లో రాసిన మెసేజ్‌లు సరిగా లేవు. "హాయ్, ఎలా ఉన్నారు, ఏవైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి, రెజ్యూమె జత చేశాను." దీనికి ఎవరైనా ఏం జవాబిస్తారు? ఓపెనింగ్స్ ఉన్నాయో లేదో వాళ్లకు అప్పటికప్పుడు తెలియదు. కనుక్కుని చెబుదామనుకుంటారు, పనుల్లో పడి మర్చిపోతారు. అందుకే పద్ధతి మార్చాను. ఒక పాత డెవలపర్‌కు రాసింది ఇది:

"నమస్తే అండి. 2017 జనవరి రిలీజ్‌లో ఫిబ్రవరి 29 పాలసీల గురించి మనం రాత్రి పదకొండింటి దాకా వాదించుకున్నాం, గుర్తుందా? అక్టోబరులో నా ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఇన్సూరెన్స్ వైపే మళ్లీ టెస్టింగ్ చేయాలనుకుంటున్నాను. మీ కంపెనీలో క్లెయిమ్స్ టెస్టింగ్ ఎలా చేస్తున్నారు, ఆటోమేషన్ ఎంతవరకు ఉంది, ఇవి తెలుసుకోవాలని ఉంది. వీలైనప్పుడు పావుగంట మాట్లాడగలరా?"

ఆ ఫిబ్రవరి 29 సంగతి చెప్పాలి. 2016 ఫిబ్రవరి 29న ఇచ్చిన పాలసీలకు మరుసటి ఏడాది రెన్యువల్ తేదీ ఖాళీగా వస్తోంది, ఎందుకంటే 2017లో ఆ తేదీ లేదు. రిలీజ్‌కు ముందు రోజు పట్టుకున్నాను. అలాంటి పాలసీలు ఎన్ని ఉంటాయి, తర్వాత చూద్దాం అని ఆయన. ఒక్కటున్నా ఆ ఒక్కరి ఇన్సూరెన్స్ ఆగిపోతుంది కదా అని నేను. చివరికి ఆయన డేటాబేస్ తెరిచి లెక్కపెట్టి, ఏమీ అనకుండా కోడ్ సరిచేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మేం మంచి స్నేహితులం అయ్యామని కూడా కాదు. ప్రాజెక్టు అయిపోయింది, ఎవరి దారి వాళ్లది.

ఆయన నుంచి అరగంటలో జవాబు వచ్చింది. "ఎక్కడ ఫిబ్రవరి 29 కనిపించినా మీరే గుర్తొస్తారండి. రేపు ఆరింటికి చేయండి." మర్నాడు పావుగంట అనుకున్నది గంట అయింది. ఉద్యోగం ఉందా అని నేను అడగలేదు, ఉందని ఆయనా చెప్పలేదు. ఫిబ్రవరి చివర్లో ఆయనే ఫోన్ చేశారు. టీములో ఒకరు మానేస్తున్నారు, ఆ సంగతి ఇంకా బయటికి రాలేదు. "మీరు మా కంపెనీ పోర్టల్‌లో అప్లై చేశారా? చేసి ఉండకపోతే ఇప్పుడు చేయకండి" అన్నారు. చాలా కంపెనీల్లో మన రెజ్యూమె ముందే వాళ్ల సిస్టమ్‌లో ఉంటే తర్వాత ఎవరు రిఫర్ చేసినా లెక్కలోకి రాదు, కొన్ని నెలలు ఆగాల్సిందే. కనిపించిన ప్రతి ప్రకటనకూ గుడ్డిగా అప్లై చేస్తూ పోతే మనకు సాయం చేయగలిగినవాళ్ల చేతులు మనమే కట్టేసినట్టు. ఇది నాకు అప్పటిదాకా తెలియదు.

మూడు రౌండ్లు ఇంటర్వ్యూ జరిగింది. రెండో రౌండ్‌లో చెమటలు పట్టాయి, ప్రోగ్రాములతోనే టెస్టింగ్ నడిపించే ఆటోమేషన్‌లో నేను వెనకబడ్డ సంగతి బయటపడింది. దాచలేదు. నేర్చుకుంటున్నది చూపించాను. ఏప్రిల్‌లో చేరాను, పాత జీతం కంటే కొంచెం తక్కువకు.

ఇక్కడితో ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. నాకు ముప్పై ఒక్క పేర్లున్నాయి, ఎందుకంటే నాకు పదమూడేళ్ల పని ఉంది. నిరుడు ఇంజనీరింగ్ పూర్తి చేసి అమీర్‌పేటలోనో, కేపీహెచ్‌బీలోనో హాస్టల్లో ఉంటున్న అమ్మాయికి ఏముంది? వాళ్ల ఇంట్లో ఆఫీసు మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. "నెట్‌వర్క్ పెంచుకో" అని ఆమెకు చెప్పడం, నీళ్లు లేని ఊళ్లో ఈత నేర్చుకోమన్నట్టే. ఆమె పంపిన మెసేజ్ నాలాంటి వాళ్ల ఇన్‌బాక్స్‌లో చదవకుండా పడి ఉంటుంది. నేను కూడా మంచి రోజుల్లో అలాంటివి వందలు వదిలేశాను. 2010లో హాస్టల్ అమ్మాయి నాకు ఫోన్ చేయకపోతే ఏమయ్యేదాన్నో తెలిసి కూడా వదిలేశాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ అడిగినప్పుడు తలుపు తీయాల్సిన బాధ్యత లోపల ఉన్నవాళ్లది.

ఇప్పుడు శనివారాలు పొద్దున రెండు గంటలు అందుకే పెట్టుకున్నాను. వచ్చిన మెసేజ్‌లన్నిటికీ జవాబిస్తాను. కాదని చెప్పాల్సి వస్తే కాదనే చెబుతాను. నేను చూడని పనిని ఎవరికీ రిఫర్ చేయను, ఆ గీత నాకూ వర్తిస్తుంది. కానీ పని చూపించమని అడుగుతాను. ఇల్లందు నుంచి వచ్చిన ఒక అమ్మాయి "అక్కా, నేను ఎక్కడా పని చేయలేదు కదా, ఏం చూపించను?" అంది. రోజూ వాడేది ఏదైనా తీసుకుని టెస్ట్ చేయమన్నాను. ఆమె ఊరెళ్లడానికి వాడే ఒక బస్సు టికెట్ల సైటు తీసుకుని పది రోజుల్లో పదకొండు బగ్‌లు, అంటే సైటులోని తప్పులు, పట్టుకుని రాసింది. ప్రతిదానికీ స్క్రీన్‌షాట్, ఏ ఫోన్‌లో, ఏ క్రమంలో చేస్తే వస్తుందో వివరంగా. ఆ ఫైలును నాకు తెలిసిన ఇద్దరు లీడ్‌లకు పంపాను. ఒకరు మంగళవారం పదకొండింటికి ఫోన్ ఇంటర్వ్యూ పెట్టారు.

నిన్న రాత్రి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్. ఏడో బగ్ గురించి అడిగితే ఎలా చెప్పాలి అక్కా అని. ఇద్దరు ఒకే సమయంలో ఒకే సీటు ఎంచుకుంటే ఇద్దరినీ డబ్బులు కట్టే పేజీ దాకా పంపిస్తోందన్నది ఆ ఏడో బగ్. సరే, మళ్లీ చూద్దాం అన్నాను. తను హాస్టల్లో తన ఫోన్‌లో, నేను ఇంట్లో నా ఫోన్‌లో అదే బస్సు తెరిచాం. పద్నాలుగో నంబరు సీటు. ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరం ఒకేసారి నొక్కాం.